ఒక్క రోజు వెనక్కి

పనీపాటా లేనివాళ్ళు కోడిగుడ్డుకు ఈకలు పీకుతారని లోకం వేళాకోళం చేస్తుంది. ఆ హ్యాచరీలో మాత్రం అది నెలజీతం ఇచ్చే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. పొదగని గుడ్డును పగలగొట్టి, లోపల ఈకలు మొలిచాయా, మొలిస్తే ఎంతవరకు మొలిచాయి, మొలవకపోతే అసలేం తయారైంది అని చూసి, ఆ పిల్ల ఏ రోజున ఆగిపోయిందో చెప్పాలి. అందుకే ఆమెకు రోజులక్క అని పేరు పడింది. అసలు పేరు జీతాల పట్టీలో భద్రంగా ఉంది. దానితో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు.

గుడ్డు పద్దెనిమిది రోజులు పొదిగే మిషన్లో ఉంటుంది. తర్వాత మూడు రోజులు పిల్లలు దిగే గదిలో ఉంటుంది. ఇరవై ఒకటో రోజున పెంకు పగిలి కిచకిచలు మొదలవుతాయి. పసుపుపచ్చటి పిల్లలు ముందు గుమ్మం నుంచి లారీ ఎక్కుతాయి. పగలని గుడ్లు వెనక గుమ్మం నుంచి రోజులక్క గదికి వస్తాయి. సిమెంటు తొట్టి, రేకు బల్ల, దాని మీద వంగే దీపం, ఒక కిటికీ, ఇదే ఆమె గది. వాసన సంగతి ఎత్తకపోవడమే మర్యాద. కొత్తగా చేరినవాళ్ళు ఆ గుమ్మం దాకా వచ్చి, ముక్కు మూసుకుని, కోడి ముందా గుడ్డు ముందా అక్కా అని అడిగి నవ్వుతారు. ఆమె తల ఎత్తకుండానే "గుండె ముందు" అంటుంది.

అది నిజమే. రెండో రోజుకే పచ్చసొన మీద ఎర్రటి చుక్క కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇంకా తల లేదు, తోక లేదు, ఏం చూసుకుని కొట్టుకుంటుందో ఆ గుండె. మూడో రోజుకు కాళ్ళూ రెక్కలూ రావలసిన చోట నాలుగు చిన్న మొటికలు లేస్తాయి. నాలుగో రోజుకు కన్ను నల్లబడుతుంది. తొమ్మిదో రోజుకు పక్షి పోలిక వచ్చేస్తుంది గాని కాలివేళ్ళ మధ్య పొర ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పదో రోజుకు వేళ్ళు విడివడతాయి, ముక్కు గట్టిపడడం మొదలవుతుంది. పదహారో రోజుకు ఒళ్ళంతా తడి ఈకలు. పదిహేడో రోజుకు తల కిందికి వంచి కాళ్ళ మధ్య పెట్టుకుంటుంది. ఏ పిల్లా ఈ వరస తప్పదు. ఎక్కడ ఆగితే అక్కడే ఆ రోజు రాసి ఉన్నట్టు ఉంటుంది, చదవగలిగిన కన్ను ఉండాలంతే.

ఆ కన్ను ఆమెకు ఇచ్చినవాడు మిషన్ తాత. పొదిగే గదికి ఆయనే పెద్ద. హ్యాచరీ కంటే ముందు ఏదో బడిలో జంతుశాస్త్రం గది ఊడ్చేవాడట. మాస్టారు బోర్డు మీద గీసినవన్నీ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి నేర్చుకున్నాడు. ఆమె చేరిన మొదటి వారం, వాసనకు తాళలేక బయటికి పరుగెత్తుకొచ్చి గోడ పక్కన కూర్చుంటే, ఆయన ఓదార్చలేదు. మూడు తుడుపుగుడ్డలు తెచ్చి బల్ల మీద ఒకదాని మీద ఒకటి పరిచాడు.

"పైది చూడు అమ్మాయ్. ఇది తోలు అవుద్ది. మెదడూ నరాలూ కూడా ఇందులోంచే. మధ్యది ఎముక, కండ, నెత్తురు, గుండె. అడుగుది పేగు, ఊపిరితిత్తులు" అని, పైగుడ్డను నిలువునా మడిచి గొట్టంలా చుట్టాడు. "ఇదిగో వెన్ను. ఈ గొట్టం మూసుకోకపోతే ఆ పిల్ల దక్కదు."

"ఇంతేనా బాబాయ్?"

"ఇంతే. మనిషైనా ఇంతే. నువ్వూ నేనూ మొదట్లో మూడు గుడ్డలమే."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఏ రోజో తెలియకపోతే తెలియదని రాయమన్నాడు, ఊహించి రాయవద్దన్నాడు. ఎందుకంటే ఆమె రాసే అంకె ఊరికే అంకె కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో చస్తే గుడ్లు నిలవ చేసినవాళ్ళకో, లారీలో తెచ్చినవాళ్ళకో చీవాట్లు. నడిమి రోజుల్లో చస్తే పెట్టలకు వేసిన మేతలో లోపం. చివరి రోజుల్లో చస్తే పిల్లలు దిగే గదిలో తేమ చూసినవాళ్ళ తప్పు. మిషన్ల లోపలి వేడిని కాగితం మీద గీసే సాధనం ఎప్పుడో పాడైతే యజమాని బాగు చేయించలేదు. గంట గంటకూ చేతితో రాసే పుస్తకం ఒక్కటే ఉంది. పుస్తకం అబద్ధం చెప్పగలదని అందరికీ తెలుసు, చచ్చిన పిల్ల చెప్పలేదనీ తెలుసు. అందువల్ల ఆమె నోట ఒక అంకె రాలితే ఎక్కడో ఒక తల వంగేది. ఇరవై రెండేళ్ళలో ఆమె అంకెను కాదన్నవాడు లేడు.

ఆమెకు ఉన్నదల్లా ఒక తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు వదిలేసి వెళ్ళాడు గనుక, ఆమెకు పిల్లలు లేకపోయినా పెంపకం మాత్రం తప్పలేదు. వాణ్ణి పెంచి, పొదిగే గదిలో పని ఇప్పించమని మిషన్ తాతను బతిమాలి చేర్పించి, పెళ్ళి కూడా చేసింది. మరదలికి మూడుసార్లు కడుపు నిలిచి మూడుసార్లూ పోయింది. రెండోసారి పోయినప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక మాట అన్నారు. చచ్చిన పిండాలు పొద్దస్తమానం పిసికే మనిషి కడుపుతో ఉన్నదాని ఇంటికి రావచ్చునా అన్నారు. మూఢులని తిట్టిపోయవలసిన మాట అది. ఆమె తిట్టలేదు. చేతులు ఎన్ని సబ్బులతో కడిగినా వాసన వదలడం లేదని తనకే అనుమానం. నాలుగోసారి నిలిచిందని తెలిసినప్పటి నుంచి తమ్ముడి ఇంటికి వెళ్ళడం మానేసింది. మరదలికి ఫోను చేసి, "తిన్నావా అమ్మా?" అని అడిగి పెట్టేసేది. ఇప్పుడు అయిదో నెల.

మిగతా మిషన్లు ఖాళీగా ఉన్న రోజుల్లో, ఒక గురువారం మూడో మిషన్ నుంచి దిగవలసిన పిల్లల్లో సగం కూడా దిగలేదు. అదే మిషన్లో వారానికొకసారి పెట్టిన ఇంకో రెండు విడతల గుడ్లున్నాయి. ఒకటి పధ్నాలుగు రోజులది, ఒకటి ఏడు రోజులది. కోళ్ళ డాక్టరు గుడ్ల వెనక దీపం పెట్టి చూసి, వాటిలోనూ కదలిక లేని గుడ్లు ఎక్కువే ఉన్నాయన్నాడు. మూడు విడతల నుంచీ పాతికేసి గుడ్లు తీసి రోజులక్క ముందు పెట్టించాడు. సాయంత్రంలోగా అంకెలు కావాలన్నాడు.

ఆమె కత్తెరతో పెంకు మొద్దువైపు కత్తిరిస్తూ పోయింది. దిగని విడతలో తలలు కాళ్ళ మధ్య ఉన్నాయి. పదిహేడు, పదిహేడు, మళ్ళీ పదిహేడు. రెండో విడతలో వేళ్ళు అప్పుడే విడివడ్డాయి. పది. అన్నీ పదే. మూడో విడతలో నాలుగు మొటికలు, కన్ను ఇంకా నల్లబడలేదు. మూడు. మామూలుగా చావులు చెదిరి ఉంటాయి, ఒకటి అయిదు, ఒకటి పన్నెండు, ఒకటి ఇరవై. ఇలా వరసగా రావు. ఆమె పెన్సిలు తీసి లెక్క వేసింది. ఇరవై ఒకటిలోంచి పదిహేడు పోతే నాలుగు. పధ్నాలుగులోంచి పది పోతే నాలుగు. ఏడులోంచి మూడు పోతే నాలుగు. వయసులు వేరైనా చావు ఒక్కటే. నాలుగు రోజుల కిందట, ఆదివారం, ఆ మిషన్లో ఏదో జరిగింది.

ఆదివారం మూడో మిషన్ దగ్గర ఎవరున్నారో ఆమెకు పుస్తకం చూడనక్కర్లేకుండానే తెలుసు. అయినా వెళ్ళి చూసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంట గంటకూ ఒకే వేడి, ఒకే చేతిరాత, ఒకే ఊపులో రాసినట్టు.

తమ్ముణ్ణి ట్రేలు కడిగే షెడ్డు వెనక్కి పిలిచింది.

"ఆదివారం నువ్వు ఎక్కడున్నావు?"

"ఇక్కడే అక్కా. పుస్తకంలో ఉందిగా."

"పుస్తకం చూసే వచ్చాను. నన్ను చూసి చెప్పు."

వాడు బోర్లించిన ట్రే మీద కూలబడ్డాడు.

"పొద్దున దానికి కాస్త నెత్తురు కనపడిందక్కా. ఫోను చేసి ఏడుస్తుంటే ఏం చెయ్యను? స్కానింగుకి తీసుకెళ్ళాను. అరగంటలో వచ్చేద్దామనుకున్నా. మూడు గంటలు కూర్చోబెట్టారు."

"నాకు ఒక్క మాట చెబితే నేను తీసుకెళ్ళేదాన్ని కదరా. నాకు సెలవేగా."

వాడు ముఖం తిప్పుకున్నాడు. ఎందుకో ఆమెకు అర్థమైంది. మరదలికి తనంటే భయం.

"వేడి పెరిగితే మోగే గంట మోగలేదా?"

"ఊరికే మోగుతోందని తీగ పీకి పెట్టాను. నేను వచ్చేసరికి ఫ్యాను బెల్టు తెగి ఉంది. తలుపు తీస్తే సెగ మొహానికి కొట్టింది. బెల్టు మార్చేశాను. బతికే ఉంటాయిలే అనుకున్నా."

"బిడ్డ?"

"బాగుందట. గుండె కొట్టుకుంటోందట" అని వాడు చొక్కా జేబులోంచి మడత పెట్టిన స్కానింగు బొమ్మ తీసి ఇచ్చాడు. వాడికది బూడిదరంగు మరక. ఆమెకు అలా కాదు. వెన్ను ఎక్కడా తెగకుండా ముత్యాల వరసలా ఉంది. గొట్టం మూసుకుంది. పక్కటెముకలు, వాటి మధ్యన గుండె, వంచుకున్న మోకాలు. ఆమె చేతుల్లోకి వచ్చిన పిండాల్లో ఆగిపోనిది అదొక్కటే. ఆ బొమ్మను తడిచేతులతో పట్టుకున్నానని గుర్తొచ్చి వెంటనే తిరిగి ఇచ్చేసింది.

"పని పోతే ఏం చెయ్యనక్కా? డాక్టరమ్మ దాన్ని మంచం దిగొద్దంది. రోజూ ఇంజెక్షన్లు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆమె చించుకోదలచలేదు. అలాగని ఇంకొకరిని బలి చేసే మనిషీ కాదు. గదికి తిరిగి వెళ్ళి, ఆ గుడ్ల ముందు కూర్చుని, పాము చావకుండా కర్ర విరగకుండా దారి ఏదైనా ఉందా అని వెతికింది. దొరికింది కూడా. శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మూడు గంటలపాటు ఆమె గదిలో దీపం వెలగలేదు, కిటికీ వెలుగులోనే పని చేసింది. అంకెలన్నీ ఒక్క రోజు వెనక్కి జరిపితే చాలు. పదహారు, తొమ్మిది, రెండు. నేరం కరెంటు మీదికి పోతుంది. కరెంటును ఉద్యోగంలోంచి తీసేసేవాడు ఎవడూ లేడు.

ఇరవై రెండేళ్ళలో మొదటి అబద్ధం. అలవాటు లేని పని ఎవరికైనా సరిగ్గా రాదు.

ఆఫీసు గదిలో యజమాని, కోళ్ళ డాక్టరు ఉన్నారు. ఆమె అంకెలు చెప్పింది. డాక్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "అన్నీ శనివారానికే వస్తున్నాయి" అన్నాడు.

"శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది కదండీ" అని ఆమె అందించింది.

"పోతే? జనరేటరు ఉందిగా" అన్నాడు యజమాని. పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. శనివారం పేజీ మీద మిషన్ తాత గుండ్రటి రాతలో ఉంది. కరెంటు పోయిన నిమిషం, జనరేటరు వేసిన నిమిషం, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయని, కింద సంతకం.

జనరేటరు తీగ మిషన్ల దాకానే ఉంది, ఆమె గదికి లేదు. తన దీపం ఆరింది గనుక అందరి దీపాలూ ఆరాయనుకుంది. ఇన్నేళ్ళూ గుడ్డు లోపలి సంగతులు చూసిన మనిషి తన గది బయట ఏం జరుగుతుందో ఒక్కసారి తొంగి చూడలేదు. శనివారం డ్యూటీ ఎవరిదో కూడా ఆలోచించలేదు. ఆలోచిస్తే నోరు తెరిచేదా? తెరిచేది కాదనే నేననుకుంటాను. కాని అంత గట్టిగా చెప్పలేను, తమ్ముడి విషయంలో ఆమె ఎంత దూరమైనా వెళ్ళగలదు.

మిషన్ తాతను పిలిపించారు. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"జనరేటరు నడిచిందండి. నేనే డీజిలు పోశాను. ఫ్యాన్లు తిరిగాయి."

"నడిస్తే పిల్లలు ఎందుకు చచ్చాయి? శనివారమే చచ్చాయని ఈవిడ చెబుతోంది" అన్నాడు యజమాని.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. అందులో ఉన్నది ఆశ్చర్యం ఒక్కటే, సొంత ఇంట్లో దారి తప్పినవాడి చూపు.

"నిజంగా శనివారమేనా అమ్మాయ్?"

ఆమె తల ఊపింది.

"ఆమె పొరబడదండి" అన్నాడాయన యజమానితో. "అదే నాకూ తెలియడం లేదు."

చేయని పని చేసినట్టు రాశాడని ఆయన్ను ఆ సాయంత్రమే మానిపించారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. ఆ గుడ్లనూ ఆ సాయంత్రమే గోతిలో వేసి సున్నం చల్లి పూడ్చేశారు. ఆదివారం అన్న సంగతికి ఇక అక్కాతమ్ముళ్ళు తప్ప సాక్ష్యం లేదు.

తమ్ముడు రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. మూడో రోజు ఆమే వాణ్ణి పట్టుకుంది.

"వెళ్ళి ఒప్పుకో. నేనూ వస్తాను."

"ఇప్పుడు చెబితే నా ఒక్కడి పనే పోతుందా? నువ్వు అంకెలు మార్చావని తెలిస్తే నిన్నూ గెంటేస్తారు. ఇద్దరం పోతే దాన్నెవరు చూస్తారక్కా? నెలలు నిండనీ. బిడ్డ చేతికొచ్చిన మర్నాడే నేనే వెళ్ళి చెబుతా, ఒట్టు."

వాడు చెప్పేది తప్పు అని ఆమెకు తెలుసు. అందులో న్యాయం లేకపోయినా లెక్క ఉందనీ తెలుసు. తను వేసిన ముడి ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది, విప్పితే తమ్ముడూ మరదలూ తనూ ముగ్గురూ పడతారు, విప్పకపోతే తాత ఒక్కడే. ఆ ఒక్కడి ముఖం తలచుకుంటే ఆమెకు అన్నం దిగేది కాదు. వేళ్ళు విడివడ్డాయో లేదో చూడడానికి ఒక్కో పిండాన్ని రెండేసి సార్లు దీపం కిందికి తేవలసి వచ్చేది. తనకే తన కన్ను మీద నమ్మకం పోయింది. మిగతావాళ్ళకు మాత్రం ఏం మారలేదు. రోజులక్క చెప్పిందంటే తిరుగులేదు అనే అన్నారు, ఇంకా గట్టిగా అన్నారు. పెద్దాయన అని కూడా చూడకుండా నిజం చెప్పిందని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ ఆమెకు చావాలనిపించేది.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం భోజనాల వేళ, మిషన్ తాత ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. తన పెట్టెలో ఉండిపోయిన బట్టలూ పనిముట్లూ తీసుకుపోవడానికి వచ్చాడట. చేతిలో గోనెసంచి ఉంది. మనిషి చిక్కిపోయాడు. గడ్డం గీసుకోలేదు.

"కూర్చో బాబాయ్."

"వద్దులే. ఒక మాట అడిగి వెళ్తాను" అన్నాడు. బల్ల మీది ట్రేలో గుడ్లను ఒక వేలితో కదిపాడు. "మా ఆవిడ రోజూ అడుగుతోంది అమ్మాయ్. నిజంగా జనరేటరు వేశావా అని. వేశాననే చెబుతూ వచ్చాను. వేసినట్టే గుర్తు. డీజిలు చేతి మీద ఒలికింది, ఆ వాసన కూడా గుర్తే. మొన్న ఉన్నట్టుండి అనుమానమొచ్చింది. ఆ డీజిలు ఒలికింది అంతకు ముందు వారమేమో. వయసు మీద పడింది కదా. వెయ్యకుండానే వేశాననుకుని రాసేశానేమో."

ఆమె కత్తెర కింద పెట్టింది.

"నిన్న రాత్రి ఆవిడ మళ్ళీ అడిగితే, ఏమో అన్నాను. ముప్ఫై ఏళ్ళలో నా మిషన్ గురించి ఏమో అనడం అదే మొదలు" అన్నాడాయన. "అందుకే వచ్చాను. ఇంకెవర్ని అడగను? రెండో విడత పిండం నువ్వు చేత్తో పట్టుకుని చూశావు కదా. వేళ్ళ మధ్య పొర ఉందా? తొమ్మిదేనా? పదైతే మాత్రం నేను చేసింది కాదు. పదైతే చెప్పు, ఎవరికీ చెప్పను, నా మనసు కుదుటపడితే చాలు."

పది అన్న మాట ఆమె గొంతు దాకా వచ్చింది. ఎవరికీ చెప్పనంటున్నాడు, ఆయన మాట మీద నిలబడే మనిషి కూడా. కాని పదంటే ఆదివారం, ఆదివారమంటే ఎవరో ఆయన ఆ గుమ్మం దాటకముందే తెలుసుకుంటాడు. ముసలాయన భార్య తెలుసుకుంటుంది. ఆవిడ ఊరుకోదు, ఎందుకు ఊరుకోవాలి? మరదలికి ఆరో నెల నడుస్తోంది. పొద్దున ఫోను చేసినప్పుడు, బిడ్డ తంతోంది వదినా అని ఆ పిల్ల మొదటిసారి ఆమెతో నవ్వుతూ మాట్లాడింది.

"తొమ్మిదే బాబాయ్" అంది రోజులక్క.

"పొర ఉంది?"

"ఉంది."

ఆయన ఊపిరి వదిలాడు. బయట ట్రేలు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"మొత్తం ఎన్ని పోయాయి అమ్మాయ్?"

"పదకొండు వేల పైన."

"పదకొండు వేలు" అని ఆయన తనలో తాను అనుకున్నాడు. "అయితే నేనే చంపాను. ఇవాళ ఆవిడతో చెప్పేస్తాను, నేనే అని. రోజూ పోట్లాడుకోవడం ఎందుకు."

సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, దాచకుండా చెప్పావు, మంచిపని చేశావమ్మా అన్నాడు. ఆమె చెప్పిన రోజు తప్పదని ఆ హ్యాచరీలో అందరూ నమ్మేవారు. ఆయనంత నమ్మినవాడు ఎవరూ లేరు, నేర్పినవాడు ఆయనే కదా.